కుందేలుకి కుట్టిన పంట్లాం

ఫిబ్రవరి 9

అక్కయ్యకి,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. పొద్దుటి నుంచి కాగితం తీయడం, మడవడం, మళ్ళీ సొరుగులో పడేయడం, ఇదే పని. నువ్వు మోకాలి ఆపరేషను చేయించుకుని కొడుకు ఇంట్లో మంచం మీద ఉన్నావు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, నువ్వొచ్చేసరికి అంతా సర్దుకుంటుందిలే అని కాసేపు నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. కానీ వచ్చిన వెంటనే నువ్వు అడిగేది నా క్షేమం కాదు, దాని క్షేమం. అప్పుడు అబద్ధమాడటానికి నా మొహం పనికిరాదు. ఫోను చేయొచ్చు కదా అంటావు. నీ ఫోను మీవాడు స్పీకరులో పెడతాడు, ఇంటిల్లిపాదీ వింటారు. పైగా ఫోనులో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వవు. కాగితం మీద నువ్వు మధ్యలో అందుకోలేవు, నాకదో సుఖం.

గుండీకి వెనక కాలు విరిగింది.

పడుకునే చదువుతున్నావు కాబట్టి కూలబడే ప్రమాదం లేదు. బతికే ఉంది, కట్టు కట్టించాను. జరిగింది ఇది. కోటొకటి ఇస్త్రీ చేస్తూ, తోడుగా ఉంటుందని కుందేల్ని కత్తిరింపు బల్ల మీద కూర్చోబెట్టుకున్నాను. తడిగుడ్డ మీద పెట్టె ఆనించగానే బుస్సుమంది. గుండీ దాన్ని ఏమనుకుందో, ఒక్క గెంతు గెంతింది. బల్ల నా నడుమెత్తు. కింద సిమెంటు నేల.

పక్క టైర్ల కొట్టాయన స్కూటరు తీశాడు. గుండీని కోటు లోపల పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. దారి పొడవునా ఆయన నాకు ధైర్యం చెబుతూనే ఉన్నాడు, ఎంత పెద్ద పంక్చరైనా మూసేయొచ్చని. ఆయనకి తెలిసిన ధైర్యం అదే పాపం. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మీ కోడలి ఈడుది. బద్ద పెట్టి కట్టు కట్టింది. గెంతనివ్వొద్దంది, శుభ్రంగా, పొడిగా ఉంచమంది. ఎలా ఉంచాలో అడుగుదామనుకునేలోపు నా వెనకున్న ఆవు ముందుకొచ్చింది. దాని యజమానికి నాకంటే తొందర. నేను లేచాను.

ఇప్పుడు చిక్కంతా అక్కడే వచ్చింది. కుందేలు రోజంతా తన ఒళ్ళు తానే నాక్కుని శుభ్రం చేసుకునే జంతువు. కట్టుతో వంగలేదు. ఉన్నచోటే పోస్తుంది, దాంట్లోనే కూర్చుంటుంది. వెనక బొచ్చంతా అట్టకట్టింది. యూనిఫారం మాసిపోయిన పోలీసు అధికారిలా నావైపు చూస్తోంది, తప్పు నాదే అయినట్టు. నాదేననుకో.

కుందేళ్ళ పోషణ మీద నేనొకసారి పేపర్లో చదివాను కూడా. నా చదువు సంగతి నీకు తెలుసు, కత్తిరింపులకి వాడే పాత పేపర్ల మీద వచ్చిన చదువు. అందుకే లోకంలో ఏ విషయమైనా నాకు చంక దాకా తెలుసు. అక్కడ కత్తెర తిరుగుతుంది, వార్త ఆగిపోతుంది. ఆ వ్యాసం ఇంకా నా దగ్గరే ఉంది, ఒక వెయిస్టుకోటు ముందు ముక్కగా. ‘కుందేలును శుభ్రపరిచేటప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ’ అని ఉంది. ఆ తర్వాత చంక.

పేపరు ఆదుకోలేదు కాబట్టి నా వృత్తినే నమ్ముకున్నాను. జీవితమంతా పంట్లాలు కుట్టాను. ఒంటికి గుడ్డ తొడిగితే బొచ్చు మాయదు, గుడ్డ మాస్తే ఉతకొచ్చు. కొలతలు తీశాను. తోకకి కాజా ఒకటి పెడుతున్నాను. నువ్వు హెడ్ నర్సుగా చేసినదానివి, కాలికి కట్టున్న రోగిని ఎలా శుభ్రంగా ఉంచుతారో వివరంగా రాయి.

కారెక్కుతూ నువ్వన్న మాట నాకు గుర్తుంది. గుండీ లేకపోతే ఈ ఇంటికి తిరిగొచ్చి నాకేం పని అన్నావు. కింద వాటాలో నేనొకణ్ణి ఉన్నానని గుర్తు చేశాను. నువ్వు అద్దం ఎత్తేశావు. అందుచేత దాన్ని బతికించుకోవడం నా సొంత పని కూడా.

నీ తమ్ముడు,
కింది వాటా

*

ఫిబ్రవరి 14

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాక మా కోడలు నాకు బీపీ చూసింది. మిషను తప్పు చూపిస్తోందని రెండోసారి చూసింది. మిషను సరిగ్గానే ఉంది. తప్పంతా నీ బల్లది.

బల్ల మీదా? అది కుందేలురా, పూలకుండీ కాదు.

సరే, అయిందేదో అయింది. చెప్పినట్టు చెయ్యి. పంట్లాం ఆలోచన మానుకో. మా వార్డులో కాలు విరిగినవాడికి ఎవరం పంట్లాం వేయలేదు. గోరువెచ్చని నీళ్ళు వెడల్పాటి టబ్బులో పొయ్యి. వేడి మోచేత్తో చూడు, వేళ్ళతో కాదు. నీ వేళ్ళు సూదులు గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారాయి. కట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచి కట్టు. మెత్తటి సబ్బు పెట్టి నడుము దాకా కడుగు. ఒళ్ళు తుడిచి పౌడరు చల్లు. ఒకే పక్క పడుకోనివ్వకు, పుండు పడుతుంది. దుప్పటి ముడతలు లేకుండా పరుచు. కొన్ని వేల మందిని ఇలాగే కోలుకునేలా చేశాను, గుండీ వాళ్ళకంటే బరువేం కాదు.

నా సంగతి అడగలేదు, అయినా చెబుతున్నాను. మోకాలు బాగానే వంగుతోంది. నన్ను వంచాలని చూస్తున్నది కోడలు. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు వేసి, చేతిలో చెంబు పట్టుకుని, నేను చేయిస్తాను అత్తయ్యా అని నిలబడుతుంది. పిల్ల మంచిదే, కాదనను. కానీ ఊళ్ళో సగం మందికి ఒళ్ళు తుడిచినదాన్ని, ఇప్పుడు నా వీపు ఇంకొకరికి అప్పగించి కూర్చోమంటే నావల్ల కాదు. లోపల గడియ పెట్టుకుని నేనే చేసుకుంటున్నాను. ఆవిడ బడిలో టీచరు కదా, తలుపు బయట నిలబడి హాజరు వేసుకుంటుంది. ఉన్నారా అత్తయ్యా? ఉన్నాను. ఉన్నారా? ఉన్నాను. ఇదీ వరస.

గుండీకి నీళ్ళు పోశాక ఎలా ఉందో వెంటనే రాయి. కబుర్లు తర్వాత.

మీ అక్క

*

ఫిబ్రవరి 20

అక్కయ్యకి,

కబుర్లు తర్వాత అన్నావు కానీ, వరసలో పంట్లామే ముందు వస్తుంది. నీ ఉత్తరం అందేసరికి అది కుట్టడం, తొడగడం, కొట్టుకొచ్చినవాళ్ళంతా చూడటం కూడా అయిపోయింది.

మెత్తటి ఫ్లానెలు గుడ్డ. మంచి కాలికి సన్న గొట్టం, కట్టున్న కాలికి వెడల్పు గొట్టం, మన కాలంలో కుర్రాళ్ళు వీధులు ఊడుస్తూ తిరిగిన పంట్లాలు ఉండేవే, ఆ మోస్తరు. నడుముకి నాడా. నా సర్వీసులో మొదటిసారి వేసి చూడగానే కుదిరిన పంట్లాం అదే. బ్యాంకాయన తన పంట్లాం కోసం వచ్చి, దీన్ని చూసి, తనకి ఏనాడూ ఇంత బాగా కుట్టలేదని చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. టైర్ల కొట్టాయన ఫోటో తీశాడు. గుండీ నాడా తినేసింది.

అంతటితో పోయేదే. సాయంత్రం విప్పి చూస్తే తడంతా గుడ్డలోనే నిలిచి, తోక కింద చర్మం ఎర్రగా కందిపోయింది. బయటికి శుభ్రం, లోపల మంట. మనుషులకైతే అలాంటి పంట్లాలు బోలెడు కుట్టాను, ఎవరూ ఏమనలేదు. దీనికి మాట్లాడే నోరు లేదు, అందుకే నాకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున నీ ఉత్తరం వచ్చింది. నువ్వు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా చేశాను. మోచేత్తో చూశాను, సంచి కట్టాను. నీళ్ళలో దించగానే ఒక్కసారి తన్నుకుంది. ఆ తర్వాత చేతుల్లో తడిసిన మేజోడులా వేలాడిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. అక్కయ్యా, పోయిందనే అనుకున్నాను. చేతికందిన కోటులో చుట్టి వీధిలోకి పరిగెత్తాను. అది ఎవరిదో పెళ్ళి కోటని తర్వాత తెలిసింది. టైర్ల కొట్టాయన నన్ను చూడగానే చేతిలో టైరు వదిలేశాడు, అది దొర్లుకుంటూ వీధి చివరికి పోయింది. మేం దానికి ఎదురు దిశలో పోయాం.

డాక్టరమ్మ దాన్ని పొడిగుడ్డల్లో పెట్టి, వెచ్చటి నీళ్ళ సీసాలు అటూ ఇటూ ఆనించి, ఒళ్ళు ఆరేదాకా తుడిచింది. ఆరాక నావైపు తిరిగింది.

“నీళ్ళలో ముంచమని మీకెవరు చెప్పారు?”

“మా అక్క. హెడ్ నర్సుగా చేసింది.”

“మనుషులకా?”

“మనుషులకే.”

“ఇది కుందేలని ఆవిడకి తెలుసు కదా?”

ఎట్టి పరిస్థితుల్లోనూ తర్వాత ఏముందో అలా తెలిసింది. స్నానం చేయించకూడదట. నీళ్ళకి బెదిరి గుండె ఆగిపోయేంత పిరికిదట కుందేలు, తడిసిన బొచ్చు ఆరక చలిపట్టి కూడా పోతుందట. పౌడరు కూడా ముక్కులోకి పోతుంది, వద్దంది. మాసిన చోటు మాత్రమే, పిండిన గుడ్డతో, కొంచెం కొంచెంగా తుడిచి వెంటనే ఆరబెట్టాలి. అట్టకట్టిన బొచ్చుకి మొక్కజొన్న పిండి అద్ది వేళ్ళతో విడదీయాలి. కిందవైపు వెంట్రుకలు కత్తిరించాలి. ఈగ వాలనివ్వకూడదు.

ఇంకో మాటంది, రాయొచ్చో లేదో. తనని తాను శుభ్రం చేసుకోలేని జీవానికి, శుభ్రం చేసేవాళ్ళ మీదే ముందు కోపమొస్తుందట. కాలు నేలకేసి కొడతాయట, మొహం తిప్పుకుంటాయట. పట్టించుకోకుండా మన పని మనం చేసుకోవడమే అంది. నాకు ఎవరెవరో గుర్తొచ్చారు.

అసలు సంగతి, అది తినడం లేదు. సాయంత్రంలోగా గడ్డి ముట్టకపోతే మళ్ళీ తీసుకురమ్మంది. ముందు గడ్డి పెట్టాను, ఆకు పెట్టాను, ముక్కు కూడా కదపలేదు. టపా తీసే వేళైంది, ఇది డబ్బాలో వేసి వెళ్ళి దాని దగ్గర కూర్చుంటాను.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 25

తమ్ముడికి,

తిందా, లేదా? ఆ ఒక్క ముక్కా రాయకుండా ఉత్తరం డబ్బాలో ఎలా వేశావు? ఇక్కడ రోజూ టపా అతను రాగానే కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళుతున్నాను. ఆపరేషను చేసిన డాక్టరు నడక బాగుపడిందని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నీకే పంపుతున్నాను, ఉంచుకో.

నీళ్ళలో పెట్టమన్నది నేనే. నా వల్ల అది చచ్చిపోయి ఉంటే ఆ మాట తిన్నగా రాయి. దాచకు.

నీకు గుర్తొచ్చినవాళ్ళెవరో నాకు అర్థమైంది. కోడలు నీకు రాసిందా? నేను గడియ పెట్టుకుంటున్నానని, మొహం తిప్పుకుంటున్నానని అన్నీ చేరవేస్తోందా? మీరిద్దరూ ఒక జట్టు కట్టి, కుందేలు పేరు పెట్టి నాకు బుద్ధి చెప్పాలనుకుంటే, నేను అంత తెలివితక్కువదాన్ని కాదు.

ఇంకో విషయం. మావాడు తమ దగ్గరే ఉండిపొమ్మంటున్నాడు. కిటికీ ఉన్న గది ఇస్తానంటున్నాడు. ఉండిపోతాననే అనుకుంటున్నాను. గుండీ బతికి ఉంటే మంచివాళ్ళెవరికైనా ఇచ్చెయ్యి. నా కెటిలు నువ్వు వాడుకో. దాని మూత కొంచెం వదులు, చూసుకుని వంచు.

అక్క

*

మార్చి 2

అక్కయ్యకి,

తింది. కాగితం పైనే రాస్తున్నాను, ముందు ఆ ముక్క చదివి స్థిమితపడు. డబ్బాలో ఉత్తరం వేసి వెనక్కి వచ్చేసరికే దాని దవడ ఆడుతోంది. అయితే అది ముట్టింది గడ్డిని కాదు. బల్ల కింద పడున్న వెయిస్టుకోటు ముక్క, కుందేళ్ళ పోషణ వ్యాసం, ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ దగ్గర మొదలుపెట్టి తినేస్తోంది. అది తనకి పనికొచ్చే సంగతేనని తెలిసిందో ఏమో. ఆ తర్వాత గడ్డి తింది, ఆకు తింది, నా చొక్కా అంచు కూడా కాస్త రుచి చూసింది. ఆ రాత్రే నీకు కార్డు ముక్క రాయాల్సింది. దాని పక్కనే నేల మీద పడుకుని నిద్రపోయాను, తెల్లారాక నడుము లేవనివ్వలేదు, ఇక అలా వాయిదా పడింది. తిట్టు, పడతాను.

నీ కోడలు నాకేమీ రాయలేదు. ఆ పిల్ల చేతిరాత ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. గుర్తొచ్చారన్నది నువ్వు కాదు, మన నాన్న. ఆఖరి రోజుల్లో గడ్డం గీస్తానంటే నా చేతి మీద కొట్టేవాడు. సరే, నువ్వు కూడా గుర్తొచ్చావు. నాన్న తర్వాత.

ఇప్పుడు గుండీ సేవ నాకు బాగా పట్టుబడింది, చెబుతాను విను. మొదట్లో వెల్లకిలా తిప్పి చేద్దామని చూశాను, గింజుకుంది. డాక్టరమ్మ చూపించిన పద్ధతి వేరు. ఒళ్ళో మందపాటి తువ్వాలు పరిచి, దాన్ని కూర్చోబెట్టి, మొహం నా మోచేతి మడతలోకి దూర్చుకోనివ్వాలి. కళ్ళు మూసుకుపోతాయి కాబట్టి అది తను కనబడటం లేదనుకుంటుంది. అప్పుడు ఎక్కడ తుడవబోతున్నానో అక్కడ ముందు చెయ్యి ఆనిస్తాను, కొంచెం ఆగుతాను, తర్వాతే గుడ్డ. తుడవడం, అద్దడం, పిండి వేసి విడదీయడం, మెత్తటి బ్రష్షుతో దులపడం. కాజాలు కోసే చిన్న కత్తెరతో వెంట్రుకలు కత్తిరించాను. జీవితంలో ఇంత సన్నపనికి అది ఎన్నడూ వాడలేదు. నాకు తెలిసింది ఇంతే, మొహం దాచుకోనిస్తే ఒళ్ళు అప్పగిస్తుంది.

పడక కూడా మార్చాను. కింద తడి పీల్చే గుడ్డ, పైన ఉన్ని గుడ్డ, తడి కిందికి దిగిపోయి పైది పొడిగా ఉంటుంది. పాత చొక్కాలన్నీ గుడ్డలైపోయాయి, కొట్లో తాడు మీద వరసగా ఆరేసుంటాయి. వచ్చినవాళ్ళు పసిపిల్ల ఉన్న ఇల్లనుకుంటున్నారు. సిమెంటు నేల మీద మంచి కాలు కూడా జారుతోందని, ఎవరూ తీసుకెళ్ళని కోట్లు విప్పి, ముక్కలు కలిపి గది నిండా పరుపులా కుట్టి పరిచాను. గడపకి పలక వేసి వాలు చేశాను. స్టూళ్ళూ పెట్టెలూ అడ్డం తీసేశాను. చర్మం ఎరుపు పోయింది. కట్టు ఇంకా ఉంది.

ఇకపోతే నువ్వు రాసిన రెండో సంగతి. గుండీని ఎవరికీ ఇవ్వను. నన్ను క్షమించకపోతే పోనీ, కానీ దాన్ని బల్ల మీద కూర్చోబెట్టిన కోపం ఇల్లు వదిలేసేంత పెద్దదా? నీ కెటిలు నాకక్కర్లేదు. పైనుంచి కర్రతో నేల మీద నువ్వు కొట్టే దెబ్బ వినబడితేనే నాకు టీ పెట్టాలనిపిస్తుంది, ఇన్నేళ్ళ అలవాటు. మొన్న గుండీ కోపంతో మంచి కాలు నేలకేసి కొట్టింది. నేను లేచి, నీళ్ళు స్టవ్ మీద పెట్టి, రెండు కప్పులు తీశాక గానీ తెలివి రాలేదు. రెండూ నేనే తాగాను.

నీ తమ్ముడు

*

మార్చి 8

ఒరేయ్ మొద్దూ,

నీ మీద కోపంతో కాదురా. మెట్లు.

డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. కొన్నాళ్ళు కాదు, ఇక ఎప్పటికీ. పోయిన నెలలోనే చెప్పాడు. మన మెట్లు నీకు తెలియనివా? ఇరుకు, మధ్యలో మలుపు, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. నీకు చెబితే వీపు మీద మోస్తానంటావు, ఇద్దరం కలిసి కింద పడతాం, టైర్ల కొట్టాయన వచ్చి పంక్చర్లు లెక్కపెట్టుకోవాలి. అందుకే రానని రాశాను, కారణం రాయలేదు. నాకు మెట్లెక్కే శక్తి లేదని కాగితం మీద నా చేత్తో రాయాలనిపించలేదు. ఇప్పుడు రాశాను. ఏం కాలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇక్కడ ఇంకో పని జరిగింది. గడియ పెట్టుకుని స్నానం చేస్తున్నాను. సబ్బు జారింది, అందుకోబోయి స్టూలు మీంచి నేనూ జారాను. దెబ్బ తగల్లేదు, కంగారుపడకు. కానీ నేల మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను, గడియ అందలేదు. బయట హాజరు మొదలైంది. ఉన్నారా అత్తయ్యా? ఉన్నాను. కాసేపాగి, ఎక్కడున్నారని అడిగింది. నేల మీద అన్నాను. గడియ ఊడదీయడానికి వడ్రంగి రావాల్సి వచ్చింది. అతను బయట మేకులు పీకుతుంటే నేను లోపల ప్లాస్టిక్ తెర కప్పుకుని కూర్చుని, ఇతను నా వార్డులో ఎప్పుడూ పడుకోని మనిషైతే బాగుండుననుకున్నాను. కాదు, మన ఊరి నుంచి ఇక్కడికి పనికొచ్చినవాడే. గొంతు గుర్తుపట్టి, సిస్టరుగారూ బాగున్నారా అని తలుపు అవతలి నుంచే పలకరించాడు.

అతను వెళ్ళాక కోడలు చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాకు నీ గుండీ గుర్తొచ్చింది. ఒక తువ్వాలు ఇవ్వమ్మా, మొహం మీద వేసుకుంటానన్నాను. ఎందుకని అడిగింది. బట్టల కింద పెట్టిన నీ ఉత్తరం తెమ్మని చదివించాను. మోచేతి మడత దాకా వచ్చేసరికి నవ్వాపుకోలేక తను కూడా ఆ తడినేల మీద కూర్చుండిపోయింది. తర్వాత నీ పద్ధతిలోనే, ముందు చెయ్యి ఆనించి, ఆగి, అప్పుడు నీళ్ళు పోసింది. తువ్వాలు కింద నుంచి నేనొక్క తప్పు కూడా పట్టలేదు. అప్పుడంది.

“మీరు నర్సు కదా అత్తయ్యా, నేను సరిగ్గా చేయకపోతే మార్కులు తీసేస్తారని భయం నాకు. అందుకే అన్నిసార్లు అడిగేదాన్ని.”

టీచరమ్మకి మార్కుల భయమేమిటో. నూటికి నూరు వేశాను. వీపు రుద్దుతున్నప్పుడు తువ్వాలు తీసేశాను కూడా, ఊపిరాడక.

ఇక్కడ నాకే లోటూ లేదు. కానీ వీళ్ళు టీ ముందు పోసి పాలు తర్వాత పోస్తారు, పైగా కప్పు నా చేతికిచ్చి ఎలా ఉందని అడుగుతారు. ఎవరైనా టీ తాగుతూ నాతో పోట్లాడి చాలా రోజులైంది. గుండీని చూడాలని ఉంది. ఏం చేస్తాం, మెట్లు మెట్లే.

అక్క

*

మార్చి 13

అక్కయ్యకి,

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి బయటికెళ్ళి టైర్ల కొట్టాయన్ని పిలిచాను.

కత్తిరింపు బల్ల కాళ్ళు ఊడదీసి పైకెక్కించాం. మెట్ల మలుపు దగ్గర అది ఇరుక్కుంది. పై మెట్టు మీద ఆయన, కింది మెట్టు మీద నేను, మధ్యలో బల్ల, ముగ్గురం కదలకుండా చాలాసేపు ఉన్నాం. ఆ ఖాళీలో ఆయన తన పెళ్ళిచూపుల కథ మొత్తం చెప్పాడు. కథ బాగుంది, వచ్చాక ఆయన చేతే చెప్పిస్తాను, నేను చెబితే అతుకులు ఎక్కువవుతాయి. చివరికి గోడ కొంచెం పెచ్చులూడింది, బల్ల పోయింది. మిషను, అద్దం, ఇస్త్రీ పెట్టె, అన్నీ ఇప్పుడు నీ గదిలో ఉన్నాయి. నీ మంచం, నీ కుర్చీ, నీ కెటిలు కింద నా కొట్లో ఉన్నాయి.

నువ్వు కింద ఉంటావు, నేను పైన ఉంటాను. నాతో పోట్లాడటానికి నోరు తెరుస్తున్నావని తెలుసు. కాగితం కాబట్టి నువ్వు అందుకునేలోపు చెప్పేస్తాను. నేను నీకేమీ త్యాగం చేయడం లేదు. గుండీ కాలు జారకూడదని నేలంతా కోటుగుడ్డ పరిచాను. దాని కోసమే గడప వాలు చేశాను, అడ్డాలు తీశాను, వెనక కొళాయి దగ్గర రబ్బరు పట్ట వేశాను. నిన్న ఆ గది మధ్యలో నిలబడి చూశాను. కుంటి కాలితో నడిచే మనిషి కోసం ఎవరో కూర్చుని సర్దినట్టుంది. వృత్తిలో మొదటిసారి కొలతలు తీసుకోకుండా కుట్టాను, అది నీకు సరిపోయింది.

కొట్టుకొచ్చేవాళ్ళ సంగతి అడుగుతావు. కిటికీలోంచి తాడుకి బుట్ట కట్టాను. గుడ్డలు బుట్టలో వేస్తే పైకి లాక్కుంటాను, కుట్టినవి దించుతాను. బ్యాంకాయన మొదట ఇదేం పద్ధతన్నాడు, తర్వాత తన పంట్లాం బుట్టలో తనే పెట్టి, సరదాకి రెండుసార్లు లాగించాడు. బుస్సుమనే పెట్టె పైనే ఉంటుంది, గుండీ కిందే ఉంటుంది, వాళ్ళిద్దరూ ఇక ఎదురుపడరు. కొలతలకి మాత్రం జనం ఎక్కాలి. మన ఊరి పొట్టలకి ఆ మెట్లు మంచివే.

నీ కర్ర చాలదని చీపురు కర్ర పొడుగుది తెచ్చి మూల నిలబెట్టాను. ఇప్పుడు నువ్వు పైకప్పుకి కొట్టాలి. దిగొచ్చి టీ పెడతాను, పాలు ముందు. మీవాణ్ణి ఆదివారం తీసుకురమ్మను. కోడల్ని కూడా రమ్మను, ఒకటి రెండు రోజులుండి, నీ వీపు రుద్దే పద్ధతిలో నా తప్పులు చెబుతుంది. గుండీ పంట్లాం కిటికీలో నమూనాగా వేలాడదీశాను. చిన్నపిల్లలకి కుడతారా అని అడిగేవాళ్ళు మొదలయ్యారు.

నిన్న డాక్టరమ్మ కట్టు విప్పింది. కాలు సన్నబడింది, వంకర లేదు. ఇంటికి తెచ్చి కోటుగుడ్డ మీద వదిలాను. చాలాసేపు ఉన్నచోటే కూర్చుంది. తర్వాత ఆ కాలు ముందుకి చాచి, తల వంచి, తనే నాక్కోవడం మొదలుపెట్టింది. నేను గుడ్డలు ఉతికి ఆరేశాను.

నీ తమ్ముడు,
పై వాటా